సర్దగలిగినన్నే బొమ్మలు

రాత్రి తొమ్మిదయింది. అన్నాలు అయ్యాయి. గిన్నెలు ఇంకా సింకులోనే ఉన్నాయి. హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. సోఫా కింద కార్లు, టీవీ ముందు బ్లాకులు, మంచం మీద బుల్లి వంటసామాను, డైనింగ్ టేబుల్ మీద క్రేయాన్లు. పొద్దున ఇల్లు ఊడ్చే ముందు ఒకసారి ఏరారు. సాయంత్రం ఎవరో వస్తున్నారంటే మళ్లీ ఏరారు. ఇది మూడోసారి. నిద్రతో కళ్లు మూతలు పడుతున్న పిల్లాణ్ణి "ఇవన్నీ ఎవరు సర్దుతారు? లే!" అని గదమాయించారు. వాడు ఏడుపు లంకించుకున్నాడు. చివరికి వాణ్ణి పడుకోబెట్టి, మీరే వంగి అన్నీ ఏరి ఒక పెద్ద టబ్బులో పోశారు. పొద్దున ఎనిమిదయ్యేసరికి ఆ టబ్బు మళ్లీ హాలు మధ్యలో బోర్లా పడుతుంది.

మీ ఇంట్లోనూ ఇంతేనా? అయితే కాసేపు కూర్చుని మాట్లాడుకుందాం.

పిల్లలున్న ఇల్లు రోజంతా అద్దంలా ఉండాలని నేను అనను. పగలు ఆట సాగుతున్నంతసేపూ బొమ్మలు నేల మీద ఉండాల్సిందే. రాత్రి అన్నానికి ముందు ఒక పది నిమిషాల్లో ఇల్లు మళ్లీ నడవడానికి వీలుగా మారాలి. ఆ పనిలో పిల్లల చేతులు ఉండాలి. మనకు కావలసింది అంతవరకే.

దానికి నేను నమ్ముకున్న కొలత ఒక్కటే. మీ పిల్లవాడు పది నిమిషాల్లో తనంతట తాను ఎన్ని బొమ్మలు వాటి చోట్లో పెట్టగలడో, బయట ఉండాల్సినవి అన్నే. ఇల్లు ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు. మూడు పడకగదుల ఇంట్లో ఉన్నా, ఒంటిగది వాటాలో ఉన్నా మూడేళ్ల పిల్లవాడి చేతుల్లో పట్టేది అంతే కదా!

రేపు సాయంత్రమే చూడండి. ఫోన్లో పది నిమిషాలకు అలారం పెట్టి, మీరు చేతులు కట్టుకుని పక్కన కూర్చోండి. "ఎన్ని పెట్టగలవో చూద్దాం" అనండి. సాయం చేయకండి, తొందర పెట్టకండి. బ్లాకుల బుట్ట మొత్తం ఒకటి, కార్లన్నీ కలిపి ఒకటి, ఒక పజిల్ ఒకటి, ఇలా లెక్కపెట్టండి. మా చిన్నదానికి మూడేళ్లప్పుడు ఏడు వచ్చాయి. అప్పటికి మా హాల్లో ఉన్నవి నలభై పైమాటే. ఏడు సర్దగలిగే పిల్ల మీద నలభై సర్దలేదని రోజూ కేకలేశానన్నమాట. ఆ సంగతి తెలిసిన రోజు నాకు చాలా బాధ కలిగింది. మీకు ఏ అంకె వచ్చినా దాన్ని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఇక్కడి నుంచి మనం చేసేదంతా ఆ అంకె కోసమే.

బజారుకు తర్వాత వెళ్దాం

ఇల్లు సర్దాలనుకోగానే అందరం చేసే మొదటి పొరపాటు డబ్బాలు కొనడం. రంగురంగుల టబ్బులు, చక్రాల పెట్టెలు, జిప్ ఉన్న గుడ్డ డబ్బాలు. ఆదివారం కొంటాం, అన్నీ వాటిలో కుక్కుతాం, ఇల్లు బాగున్నట్టే అనిపిస్తుంది. నెల తిరిగేసరికి డబ్బాలు నిండిపోయి, బొమ్మలు వాటి మీద, డబ్బాలు దారికి అడ్డంగా. డబ్బా కొంటే బొమ్మలు తగ్గవు, కళ్లకు కనబడకుండా పోతాయి. ఎన్నున్నాయో తెలియకపోవడం వల్ల ఇంకా కొంటాం.

కాబట్టి ముందు ఉన్నవి చూసుకుందాం.

1. అన్నీ ఒకచోటికి తెండి. సెలవురోజు పొద్దున, టిఫిన్లు అయ్యాక మొదలుపెట్టండి. కడుపు నిండి ఉన్నప్పుడు పిల్లలూ పెద్దలూ కూడా ఓపికగా ఉంటారు. హాల్లో పెద్ద దుప్పటి పరిచి, మంచాల కింద నుంచి, అల్మారా అడుగు నుంచి, బాల్కనీ నుంచి, కారు వెనక సీటు నుంచి బొమ్మలన్నీ తెచ్చి పోయండి. ఆ కుప్పను చూడగానే మీకు గుండె జారిపోవచ్చు. ఫరవాలేదు. ఒక ఫోటో తీసి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత చూసుకుంటే ధైర్యం వస్తుంది.

2. నాలుగు పోగులు పెట్టండి. ఈ నెలలో చేత్తో పట్టుకుని ఆడినవి ఒక పోగు. వయసు దాటిపోయినవి ఒకటి. విరిగినవి, సగం ముక్కలు పోయినవి ఒకటి. నాలుగోది, పిల్లవాడు ఆడడు గానీ ఇవ్వనూ ఇవ్వనంటాడు చూడండి, ఆ పోగు.

ఈ నాలుగో పోగు దగ్గరే యుద్ధం మొదలవుతుంది. "దీంతో ఎప్పుడైనా ఆడావా?" అని నిలదీస్తే పిల్లవాడు దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. బలవంతం చేయకండి. "సరే కన్నా, దీన్ని అటక మీద పెడదాం. నీకు గుర్తొచ్చి అడిగిన రోజు దించుతా" అనండి. అన్న మాట నిలబెట్టుకోండి. అడిగిన రోజు విసుక్కోకుండా స్టూలు వేసుకుని దించి ఇచ్చారంటే, రెండోసారి పిల్లవాడు తనే "ఇది కూడా పైన పెట్టు" అంటాడు.

3. పిల్లలు లేనప్పుడు పారేయకండి. దీన్ని ఒక్క మాటలో చెప్పి వదిలేయలేను. మా పెద్దవాడికి ఐదేళ్లప్పుడు ఒక ప్లాస్టిక్ లారీ ఉండేది. చక్రాలు రెండు ఊడిపోయాయి, ముందు భాగం పగిలింది. వాడు బడికి వెళ్లాక దాన్ని చెత్తబండిలో వేశాను. వాడికి గుర్తుండదనుకున్నాను. సాయంత్రం వచ్చి అడగలేదు. మర్నాడూ అడగలేదు. మూడోరోజు మంచం కిందకు దూరి వెతుకుతున్నాడు. "ఏం పోయింది నాన్నా?" అంటే, "లారీ. దాన్ని గ్యారేజీలో పెట్టా" అన్నాడు. మంచం కింద గోడవారగా వాడొక గ్యారేజీ కట్టుకున్నాడు, చెప్పుల పెట్టె అట్టతో. చక్రాలు ఊడాయి కాబట్టే అది గ్యారేజీలో ఉంది. నాకు చెత్త, వాడికి రిపేరుకొచ్చిన బండి. ఆ తర్వాత కొన్ని నెలల పాటు వాడు బడికి వెళ్లేముందు తన వస్తువుల్ని దిండు కింద దాచుకునేవాడు. ఎంత చిన్న వస్తువైనా వాణ్ణి అడక్కుండా తీయడం ఆ రోజుతో మానేశాను.

మరి విరిగినవన్నీ దాచుకోవాలా? అక్కర్లేదు. పిల్లవాడి ఎదురుగానే పక్కన పెట్టండి. బాగుచేయగలిగింది ఏదైనా ఉంటే ఇద్దరూ కలిసి అతికించండి. వారం లోపల బాగుచేయలేకపోయినది వాడి చేత్తోనే చెత్తబుట్టలో వేయించండి. పదునుగా పగిలిన ప్లాస్టిక్కు మాత్రం బేరం లేదు, ఆ పూటే బయటికి పోవాలి.

4. వయసు దాటినవి ఇచ్చేయండి. దగ్గరి అంగన్‌వాడీ, తెలిసినవాళ్ల పిల్లలు, ఇంట్లో పని చేసే ఆమె మనవలు. ఎవరికిచ్చినా తోమి, తుడిచి, ముక్కలన్నీ ఉన్నాయో లేదో చూసి ఇవ్వండి. విరిగినవి దానం కింద అంటగట్టకండి. పుచ్చుకునే పిల్లలూ పిల్లలే కదా. వీలైతే మీవాడి చేతుల మీదుగా ఇప్పించండి.

బొమ్మల కొలువు నేర్పే పద్ధతి

ఇప్పటికీ మీ దగ్గర ఫ్రిజ్ మీది అంకెకు నాలుగింతల బొమ్మలు మిగిలే ఉంటాయి. అవి మంచివే, ఆడేవే. వాటినేం చేద్దాం?

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇల్లు మీకు తెలుసా? కొన్ని ఇళ్లలో దసరాకు పెడతారు. అటక మీది ట్రంకు పెట్టె దించి, పాత చీర ముక్కల్లో చుట్టిన బొమ్మల్ని ఒక్కొక్కటే విప్పి, దులిపి, మూడో ఐదో ఏడో మెట్లు కట్టి, తెల్లటి గుడ్డ పరిచి పేరుస్తారు. ప్రతి ఏడూ అవే బొమ్మలు. అదే శెట్టిగారి దంపతులు, అదే ఆవూ దూడా, అదే ఏనుగు అంబారీ. అయినా చుట్టూ చేరిన పిల్లల మొహాలు చూడండి! పోయిన ఏడాది చూసిన బొమ్మే కొత్తగా వచ్చినట్టు ఉంటుంది. ఆ బొమ్మ ఏడాదంతా షోకేసులో ఉండి ఉంటే దానివైపు ఎవరూ తలతిప్పరు.

పిల్లల ఆటబొమ్మలకు కూడా ఇదే చేయండి.

5. మూడు వంతులు పైకి, ఒక వంతు కిందికి. ఉన్న బొమ్మల్ని నాలుగు భాగాలు చేయండి. ప్రతి భాగంలో కట్టేది ఒకటి, తోసేది ఒకటి, బుర్ర పెట్టేది ఒకటి, వేషం కట్టి ఆడేది ఒకటి ఉండేలా చూడండి. అంటే బ్లాకులు, కార్లు, పజిల్, వంటసామాను లాంటివి. ఒక భాగం హాల్లో ఉంటుంది. మిగతా మూడూ మూతలున్న డబ్బాల్లో అటకెక్కుతాయి. రెండు మూడు వారాలకోసారి ఒక డబ్బా దించి, కిందిది పైకి పంపండి. శనివారం పొద్దున పెట్టుకుంటే పిల్లలు ఆ రోజు కోసం ఎదురుచూస్తారు. పిల్లవాడు నిద్రపోయేటప్పుడు కావాలనే కుక్కపిల్లో, మెడ వేలాడిపోయిన ఎలుగుబంటో ఉంటుంది చూడండి, దాన్ని మాత్రం ఎప్పుడూ పైకి పంపకండి. దానికి ఈ లెక్క వర్తించదు.

"బొమ్మలు తగ్గిస్తే పిల్లవాడికి తోచదేమో" అని బెంగ అక్కర్లేదు. అమెరికాలోని టొలెడో విశ్వవిద్యాలయం వాళ్లు 36 మంది చిన్నపిల్లలకు ఒకసారి 4 బొమ్మలు, మరోసారి 16 బొమ్మలు ఇచ్చి చూశారు. 2018లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలిందేమిటంటే, నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారు. ఇది మీ ఇంట్లోనే మీకు కనబడుతుంది. కరెంటు పోయిన రాత్రి రెండు గరిటెలు, ఒక బోర్లించిన గిన్నె ఇస్తే ఎంతసేపు ఆడతారో గుర్తు తెచ్చుకోండి.

అటక ఎక్కించేముందు కొన్ని జాగ్రత్తలు. బ్యాటరీలు తీసేయండి. నెలల తరబడి లోపల ఉంటే అవి కారి బొమ్మ పాడవుతుంది. అట్టపెట్టెలు వాడకండి, వానాకాలంలో చెమ్మ పట్టి బొద్దింకలు చేరతాయి. గుడ్డబొమ్మల్ని ఎండలో బాగా ఆరబెట్టాకే మూత పెట్టండి. వాటి మధ్య నాఫ్తలీన్ ఉండలు వేసే అలవాటు మనకుంది. తెల్లగా బిళ్లల్లా ఉండే అవి పిల్లల చేతికి దొరికితే నోట్లో పెట్టుకుంటారు, అవి విషం. ఎండబెట్టిన వేపాకు గుడ్డలో కట్టి వేస్తే చాలు.

చోటు ఎక్కడ? వాడి చెయ్యి అందే చోట

1907లో రోమ్ నగరంలో, కూలి పనులకు వెళ్లేవాళ్ల వాడలో మరియా మాంటిస్సోరి పిల్లల కోసం ఒక బడి తెరిచారు. మొదట్లో వస్తువులన్నీ ఒక బీరువాలో ఉండేవి, టీచరే తీసి ఇచ్చేది. ఒకరోజు ఆవిడ తాళం వేయడం మరిచిపోయి, మర్నాడు కాస్త ఆలస్యంగా వచ్చింది. వచ్చి చూస్తే పిల్లలు బీరువా తెరిచి ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటున్నారు. టీచరుకు అది దొంగతనంలా కనిపించింది. మాంటిస్సోరికి మాత్రం, ఏ వస్తువు ఎక్కడుందో పిల్లలకు బాగా తెలుసన్న సంగతి కనిపించింది. పిల్లలకు అందేలా పొట్టి బీరువాలు చేయించారు. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఇక్కడి మాంటిస్సోరి బడుల్లో కూడా అరలు పిల్లలకు అందే ఎత్తునే ఉంటాయి.

మన ఇళ్లలో బొమ్మలు ఎక్కడుంటాయి? టీవీ పైన, అల్మారా నాలుగో అరలో. తీయాలంటే అమ్మ, పెట్టాలంటే అమ్మ. తీయడానికి అందని చోట పెట్టమని పిల్లవాణ్ణి ఎలా అడుగుతాం?

6. ఒక పొట్టి అర, కొన్ని మూతల్లేని బుట్టలు. కొత్తది కొనక్కర్లేదు. చెప్పుల స్టాండు ఖాళీగా ఉంటే అది చాలు. అల్మారాలో అన్నిటికన్నా కింది అర ఖాళీ చేసి ఇచ్చినా చాలు. బుట్టలు మాత్రం మూతలు లేనివి, లోతు లేనివి కావాలి. లోతైన టబ్బులో అడుగున ఉన్న కారు కోసం పిల్లవాడు మొత్తం బోర్లించక తప్పదు. ఇంట్లో ఉన్న పాత ప్లాస్టిక్ ట్రేలు, వెదురు తట్టలు, పళ్ల బుట్టలు ముందు వాడి చూడండి. నెల గడిచాక, ఏది సరిపోలేదో తెలిశాక, అప్పుడు బజారుకు వెళ్లండి. నిలువు అర పెడితే దాన్ని గోడకు స్క్రూలతో బిగించండి. పిల్లలు దాన్ని నిచ్చెన అనుకుని ఎక్కుతారు, అది మీద పడుతుంది. ఈ ఒక్క పని వాయిదా వేయకండి.

7. బుట్టకో బొమ్మ గీయండి. చదవడం రాని పిల్లవాడికి కార్ల బుట్ట మీద కారు బొమ్మ, బ్లాకుల బుట్ట మీద బ్లాకు బొమ్మ. గీయడం రాకపోతే ఫోటో తీసి ప్రింటు అంటించండి. అక్షరాలు నేర్చుకుంటున్న పిల్ల అయితే తన చేతే "కార్లు", "ఆవు", "బంతి" అని రాయించండి. వంకరగా రాసినా అదే అంటించండి. తను రాసిన బుట్ట తనది. రకాలు మరీ ఎక్కువ చేయకండి. ఎర్ర కార్లు వేరు, నీలం కార్లు వేరు అని మొదలుపెడితే మీరే రెండు రోజుల్లో విసిగిపోతారు.

పజిళ్ల సంగతి వేరే చెప్పాలి. నాలుగు పజిళ్ల ముక్కలు కలిసిపోయాయంటే ఇక వాటితో ఎవరూ ఆడరు. ఒక్కో పజిల్‌కు ఒక్కో గుర్తు పెట్టుకుని, ప్రతి ముక్క వెనకా స్కెచ్ పెన్నుతో వేయండి. ఒకదానికి ఎర్ర చుక్క, ఇంకోదానికి పచ్చ గీత. దారిలో ఏ ముక్క దొరికినా ఏ పెట్టెదో వెంటనే తెలుస్తుంది. పెట్టెలు చిరిగిపోతే జిప్ సంచుల్లో వేయండి.

8. దుప్పటి మూట. బ్లాకులు, బుల్లి జంతువులు, వంటసామాను లాంటి చిల్లర సామానుకు ఇంతకన్నా మంచి ఉపాయం నాకు దొరకలేదు. పాత దుప్పటి ఒకటి ఆ ఆటకే కేటాయించండి. ఆడాలంటే అది పరిచి దాని మీదే పోసుకోవాలి. ఆట అయ్యాక నలుగురూ నాలుగు కొసలు పట్టుకుని ఎత్తితే మూట అయిపోయింది. దాన్ని అలాగే బుట్టలో దించేయండి. చాకలి మూటలా భుజాన వేసుకుని మోయడమంటే మా పిల్లలకు పెద్ద సరదా. సర్దడంలోని ఈ సరదా కోసమే ఆట త్వరగా ముగించిన రోజులు కూడా ఉన్నాయి.

పది నిమిషాల వేళ

ఎప్పుడు సర్దించాలి? పడుకునే ముందు మాత్రం వద్దు. ఆ వేళకు పిల్లవాడికి నిద్ర, మీకు అలసట. రాత్రి అన్నానికి ముందు పెట్టండి. ఆకలి మెల్లగా మొదలయి, వంటింట్లోంచి తాలింపు వాసన వస్తున్నప్పుడు చేతులు త్వరగా కదులుతాయి. రోజూ ఒకే వేళ అయితే నెల తిరిగేసరికి చెప్పక్కర్లేకుండా మొదలవుతుంది. ఆట మధ్యలో హఠాత్తుగా ఆపించకండి. "ఇంకో ఐదు నిమిషాల్లో సర్దుకుందాం" అని ముందు చెప్పండి. కట్టిన కోట కూల్చడం ఇష్టం లేదంటే దాన్ని ఒక పీట మీదికి జరిపి రేపటిదాకా ఉంచండి.

ఇక మాట తీరు. "బొమ్మలన్నీ సర్దేయ్" అంటే నాలుగేళ్ల పిల్లకు ఏం అర్థమవుతుంది? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడిపోతుంది. మనం మాట వినలేదనుకుంటాం. "ముందు కార్లు ఇంటికి వెళ్లాలి తల్లీ, ఎన్నున్నాయో లెక్కపెడుతూ వెయ్యి" అనండి. అవి అయ్యాక "ఇప్పుడు బ్లాకులు". ఒకసారికి ఒక్కటే.

రెండేళ్లవాడు బుట్ట మీరు పట్టుకుంటే అందులో వేస్తాడు, ఆ వయసుకు అదే పెద్ద పని. మూడు నాలుగేళ్లకు రకాలు వేరు చేస్తారు. ఆరేడేళ్లకు పజిల్ ముక్కలు లెక్క చూసి పెడతారు. ఎనిమిదేళ్లు దాటితే వాళ్ల అర ఎలా ఉండాలో వాళ్లనే నిర్ణయించుకోనివ్వండి. మీకు నచ్చకపోయినా సరే.

ఈ వేళ దగ్గర అందరం చేసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. వాళ్లు పెట్టింది వంకరగా ఉందని వెంటనే మనం మళ్లీ సర్దడం ఒకటి. అది చూసిన పిల్లవాడు "నేను చేసినా అమ్మ మళ్లీ చేస్తుందిగా" అనుకుంటాడు. తప్పు చేసినందుకు శిక్షగా సర్దించడం ఇంకొకటి. "తమ్ముణ్ణి కొట్టావు కాబట్టి ఇల్లంతా నువ్వే సర్దు" అన్నారంటే, ఆ పనంటేనే అసహ్యం పుడుతుంది. "సర్దకపోతే అన్నీ పారేస్తా" అనే బెదిరింపు వద్దే వద్దు. పారేయరని వాడికి తెలిస్తే మీ మాటకు విలువ పోతుంది. నిజంగా పారేస్తే, మా వాడి లారీ కథ అవుతుంది.

సర్దనని మొండికేస్తే ఏం చేయాలి? కోపం లేకుండా ఒకే మాట చెప్పండి. "నేల మీద మిగిలినవి ఈ రాత్రికి అటక డబ్బాలోకి వెళ్తాయి, శనివారం దిగుతాయి." అన్నట్టే చేయండి. మళ్లీ ఆ ఊసెత్తి దెప్పకండి. రోజూ మొండికేస్తుంటే మాత్రం ఫ్రిజ్ మీది అంకె చూసుకోండి. బహుశా బయట ఉన్నవి మళ్లీ పెరిగి ఉంటాయి.

ఇంకో మాట, ఇంట్లోని మగవాళ్లకు కూడా. ఆ పది నిమిషాలు నాన్న సోఫాలో ఫోన్ చూస్తూ కూర్చుంటే, కొడుకు నేర్చుకునేది అదే. నాన్న కూడా తన చెప్పులు స్టాండులో పెట్టి, కుర్చీ మీది చొక్కా మడిచి, ఒక దుప్పటి కొస పట్టుకోవాలి. సర్దడం అమ్మాయి పని, ఆట అబ్బాయి పని అనే తేడా రానివ్వకండి. అలాగే, "పొద్దున పనామె వచ్చి ఏరుతుందిలే" అని పిల్లల ముందు అనకండి. మన వస్తువు ఇంకొకరు వంగి ఏరాలన్న మాట పిల్లల చెవిన పడకూడదు.

తాతయ్యలు, పుట్టినరోజులు, తిరనాళ్లు

మీరు లెక్క పెట్టుకుని బొమ్మలు తగ్గించారు. ఆదివారం తాతయ్య వచ్చారు, చేతిలో సంచి. అందులో మోత మోగే తుపాకీ, లైట్లు వెలిగే రైలు. ఏమంటారు? ఆయన మనసు నొప్పించడం మీకు ఇష్టం ఉండదు, ఉండకూడదు కూడా.

9. ముందే అడగండి, కావలసింది చెప్పండి. "నాన్నా, ఏమీ తేవద్దు" అంటే ఆయనకు బాధ. "నాన్నా, ఈసారి వాడికి బొంగరం తిప్పడం నేర్పండి, మాకెవరికీ రాదు" అంటే సంబరం. అమ్మమ్మకు అష్టాచెమ్మా, నానమ్మకు పరమపదసోపాన పటం అప్పగించండి. ఇంట్లో నేల మీద పాకే పాపాయి ఉంటే గవ్వలు, చింతపిక్కలు ఆట అయ్యాక లెక్కపెట్టి డబ్బాలో వేయాలని మాత్రం పెద్దవాళ్లకు గుర్తుచేయండి. బొమ్మే కొంటానంటే ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి అడగండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున, అంకుడు కర్ర మీద లక్క రంగులు అద్ది చేసే ఆ బొంగరాలు, బుల్లి వంటసామాను ఏళ్ల తరబడి నిలుస్తాయి. నీళ్లలో నానబెట్టకుండా పొడిగుడ్డతో తుడిస్తే చాలు. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కవి, బరువు లేనివి, సున్నితమైనవి. వాటిని ఆటబుట్టలో కాకుండా కొలువు పెట్టెలో ఉంచండి.

పుట్టినరోజుకు వచ్చిన పది ప్యాకెట్లూ ఆ రాత్రే విప్పించకండి. రెండు విప్పి, మిగతావి అటక డబ్బాల్లోకి పంపండి. సెలవుల దాకా ఒక్కొక్కటే దిగుతాయి. తిరనాళ్లలో, నాంపల్లి ఎగ్జిబిషన్లో పిల్లవాడు చెయ్యి పట్టి లాగుతాడు. బయల్దేరేముందే "ఒకటి కొందాం, ఏదన్నది నువ్వే చూసుకో" అని చెప్పి ఉంచితే అక్కడ పేచీ తగ్గుతుంది. ఇంట్లోకి ఒకటి వచ్చిన రోజు ఒకటి అటకెక్కాలి.

కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఉంది. మూడేళ్ల లోపు పిల్లలుంటే ప్రతి చిన్న వస్తువునూ అనుమానంగా చూడండి. టాయిలెట్ పేపర్ చుట్ట లోపలి అట్ట గొట్టంలో పట్టేసే వస్తువు ఏదైనా పాపాయి గొంతుకు అడ్డం పడగలదు. పెద్దపిల్లల చిల్లర సామాను, దుప్పటి మూటతో సహా, చిన్నవాళ్లకు అందని ఎత్తున ఉండాలి. పాటలు పాడే బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీలు ఇంకా ప్రమాదం. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తాయి. బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉందో లేదో ఈ రోజే అన్నీ తిప్పి చూడండి. మింగాడేమోనన్న అనుమానం వచ్చినా, నొప్పి మొదలవలేదు కదా అని ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

మిగతా ఇల్లు

బొమ్మలు దారికొస్తే ఇల్లు సగం దారికొచ్చినట్టే. మిగతాది త్వరగా చెప్పేస్తాను. బడి నుంచి రాగానే సంచీ ఎక్కడ పడుతుంది? అక్కడే ఒక మేకు కొట్టండి, పిల్లల భుజం ఎత్తున. సాక్సులు ఎక్కడ విప్పుతారో అక్కడే చిన్న బుట్ట పెట్టండి. వాళ్ల అలవాటుకు ఎదురెళ్లడం కన్నా ఇది తేలిక. ఇంట్లో ఒక "దారి తప్పినవాళ్ల బుట్ట" పెట్టండి. రిమోట్, రబ్బరు, నాన్న తాళాలు, చెల్లి పిన్నులు, ఎక్కడ ఏది దొరికినా అందులో వేయాలి. ఆదివారం సాయంత్రం దాన్ని మధ్యలో పెట్టుకుని ఎవరివి వాళ్లు తీసుకోవాలి. డైనింగ్ టేబుల్ మీద అన్నం గిన్నెలు తప్ప ఇంకేవీ రాత్రిపూట ఉండకూడదన్న నియమం ఒక్కటి పెట్టుకున్నా ఇంటి రూపు మారుతుంది.

అన్నీ సవ్యంగా నడుస్తున్నప్పుడు ఒకరోజు పిల్లవాడికి జ్వరం వస్తుంది. వారం రోజులు మంచమే ఆటస్థలం. లేదా ఊరి నుంచి చుట్టాలు దిగుతారు, ఐదుగురు పిల్లలు కలిసి అటక డబ్బాలన్నీ దించేస్తారు. వాళ్లు వెళ్లేసరికి ఇల్లు మొదటి రోజుకన్నా ఘోరంగా ఉంటుంది. అప్పుడు "మన వల్ల కాదు" అనిపిస్తుంది. ఆ రోజు ఇల్లంతా సర్దాలని కూర్చోకండి. చుట్టాల్ని బస్సెక్కించి వచ్చాక, టీ తాగి, పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కార్ల బుట్ట ఒక్కటి ముందుకు లాగండి. ఎన్ని కార్లు దొరుకుతాయో ఇద్దరూ వెతకండి. సోఫా కిందవి వాడు తీస్తాడు, ఫ్రిజ్ వెనకవి మీరు తీయండి. మిగతావి రేపు చూసుకోవచ్చు.